ఆడపిల్లలను గుట్టకు పంపబోమన్న మా వాడ తల్లిదండ్రులకు ఒక టైలర్ రాస్తున్న బహిరంగ లేఖ

అక్కలకు, అన్నలకు, వదినలకు, పిల్లల నానమ్మలకు నమస్తే.

మొన్న గురువారం రాత్రి హనుమాన్ గుడి ముందు మీరంతా కూర్చుని అనుకున్న మాట, శుక్రవారం పొద్దున నేను దుకాణం షట్టర్ ఎత్తకముందే నా చెవిన పడింది. "మగపిల్లలు పోతే పోనీ, ఆడపిల్లలను మాత్రం ఇక గుట్టలకు పంపేది లేదు" అని. మన యూత్ సంఘం పిల్లలను గుట్టలకు తీసుకుపోయేది నేనే అయినా, నన్ను పిలవలేదని కోపం లేదు. పిలిస్తే మొహమాటంతో మీరు గట్టిగా మాట్లాడలేకపోయేవారు. సగం మంది బట్టలు నా దగ్గరే ఉన్నాయి మరి. నాకూ నోటితో చెప్తే మాట తడబడుతుంది. అందుకే రాస్తున్నా. ఒక కాపీ సంఘం గది తలుపుకు అంటిస్తా. పక్క వాడల యూత్ సంఘాల్లోనూ ఇదే పంచాయితీ నడుస్తోందని విన్నా, వాళ్లూ చదువుకోవచ్చు.

ముందు ఒక్క సంగతి. కాలు బెణికింది మగపిల్లాడికి. తేనెటీగలను లేపింది మగపిల్లాడు. వీడియో తీసి స్టేటస్ పెట్టింది ఇంకో మగపిల్లాడు. ఇల్లు కదలొద్దన్నది ఆడపిల్లలను. ముప్పై ఏళ్లుగా కొలతలు కూడీ తీసీ బతుకుతున్నవాణ్ణి, ఈ లెక్క మాత్రం ఎన్నిసార్లు కూడినా నాకు కుదరడం లేదు.

జరిగింది మీరు తలా ఒక ముక్క విన్నారు కాబట్టి మొదటినుంచీ చెప్తా. డిసెంబర్‌లో రెండో శనివారం చూసుకుని పోయాం. పిల్లలు 14 మంది, అందులో ఆడపిల్లలు ఆరుగురు. పెద్దవాళ్లం ఐదుగురం. వాళ్లలో ఇద్దరు తాళ్ల పని తెలిసినవాళ్లు, భువనగిరి బండ మీద నేర్చుకుని ఇప్పుడు ఇంకొకరికి నేర్పుతున్నవాళ్లు. ఆ ఇద్దరిలో ఒకరు ఆడమనిషి. ఈ ముక్క మీలో చాలామందికి తెలియదని శుక్రవారమే నాకు అర్థమైంది. చెప్పాల్సింది నేను, చెప్పలేదు.

హనుమకొండ నుంచి పరకాల మీదుగా రేగొండ, అక్కడి నుంచి పాండవుల గుట్టలు. సుమారు 50 కిలోమీటర్లు. దారి పొడుగునా పత్తి ఏరుతున్న ఆడవాళ్లు, వాళ్ల పక్కన నిండిన బస్తాలు. అటవీ శాఖవాళ్లకు ముందే చెప్పాం. శనివారం నడక మాత్రమే. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, సర్వపిండి, ఉడకబెట్టిన గుడ్లు. ఒకడు రబ్బరు చెప్పులతో వచ్చాడు, వాణ్ణి కిందే బస్సు దగ్గర కూర్చోబెట్టాం. మధ్యాహ్నం దాకా అలిగి కూర్చున్నాడు. వాళ్లమ్మ నన్ను ఇప్పటికీ తిడుతోంది. తిట్టనీ, ఆ విషయంలో తగ్గను.

మన వరంగల్ చుట్టుపక్కల గుట్టలకూ వాటికీ తేడా ఉంది. మన దగ్గరిది గ్రానైట్. కోటలో ఏకశిల గుట్ట చూడండి, ఒకే బండ. దాన్ని బట్టే ఊరికి ఓరుగల్లు అని పేరు వచ్చిందంటారు. పాండవుల గుట్టలది ఇసుకరాయి. పొరలు పొరలుగా, గూళ్లు గూళ్లుగా, కొన్నిచోట్ల మనిషి దూరేంత సందులతో నిలబడి ఉంటుంది. ఆ గూళ్ల కింద ఆదిమానవులు వేసిన బొమ్మలున్నాయి. ఎక్కువగా ఎర్ర రంగు. జింకలు, అడవి దున్న, ఏవో గుర్తులు. 1990లో గానీ అవి బయటి లోకానికి తెలియలేదట. వాటి మీద ఇప్పటి ప్రేమికులు పేర్లు చెక్కి, నడుమ బాణం కూడా వేశారు. పిల్లలను చేతులు వెనక్కి కట్టుకుని చూడమన్నాం, ఎందుకంటే చేతి చెమట, నూనె ఆ రంగుకు పడవు.

గొంతెమ్మ గుహ దగ్గర పదో తరగతి పిల్ల ఒకతి, "గొంతెమ్మ కోరికలంటారే, ఆ గొంతెమ్మ ఈమేనా?" అని అడిగింది. కుంతీదేవి అని చెప్పా. "ఇంత చిన్న గుహలో ఉంచితే కోరికలు పుట్టవా మరి" అంది. నేను నవ్వి ఊరుకున్నా. మీ నిర్ణయం విన్నాక ఆ పిల్లే గుర్తొచ్చింది.

రాత్రికి రేగొండలో మా చుట్టాల ఇల్లు. ఆడపిల్లలు, ఇద్దరు ఆడవాళ్లు ఇంటి లోపల, మగపిల్లలం డాబా మీద. చలికి నిద్ర పట్టింది తక్కువ. పచ్చిపులుసు అన్నం మాత్రం ఎవరూ మిగల్చలేదు.

ఇక ఆదివారం. మీ అందరికీ టెన్షన్ పుట్టించిన రోజు.

పొద్దున ఆరున్నరకే బండ దగ్గర ఉన్నాం. బొమ్మలున్న గూళ్లకు దూరంగా, మూడంతస్తుల ఇల్లంత ఎత్తున్న బండ. తాళ్లు కట్టడానికే రెండు గంటలు పట్టింది. పిల్లలకు బోర్ కొట్టింది. నాకైతే ఆ రెండు గంటలే మొత్తం ట్రిప్పులో బాగా నచ్చాయి. పైన తాడును ఒక్క చోట కట్టి వదలరు. ఒకదానితో ఒకటి సంబంధం లేని కనీసం రెండు ఆధారాలకు కడతారు, ఒకటి ఊడినా ఇంకొకటి ఆపేలా. వాళ్లు మూడింటికి కట్టారు. ఆ తాడు పైనుంచి వచ్చి ఎక్కే పిల్ల నడుముకు తగిలి ఉంటుంది, రెండో కొస కింద నిలబడ్డ మనిషి దగ్గర ఒక బిగింపు పరికరంలోంచి పోతుంది. పిల్ల ఒక అడుగు ఎక్కితే కిందివాళ్లు ఒక అడుగు తాడు లాగేస్తారు. కాలు జారితే పిల్ల నేల దాకా రాదు, ఉన్నచోటనే ఆగుతుంది. దీన్ని బిలే అంటారు.

మన వాడలో తాటిచెట్లు ఎక్కే గౌడన్నలు ముగ్గురున్నారు, వాళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు. మోకు, ముస్తాదు లేకుండా ఏ అన్నా చెట్టెక్కడు. 2024 జులైలో కాటమయ్య పేరుతో సర్కారు ఇవ్వడం మొదలుపెట్టిన సేఫ్టీ కిట్లు చూసే ఉంటారు. నడుముకూ తొడలకూ వేసుకునే బెల్టు, తాళ్లు, క్లిప్పులు. అవి ఈ బండలెక్కేవాళ్ల సామానుకు సొంత తమ్ముళ్లే. గురువారం మీటింగులో "ఆ బెల్టు ఏంది, ఆడపిల్ల తొడలకు ఆ పట్టీలేంది" అన్న అన్న ఇంట్లోనే ఆ కిట్టు ఒకటి గోడకు వేలాడుతోంది. పేరు రాయను. ఆయన నవ్వుకుంటాడు.

నేను బట్ట పనివాణ్ణి కాబట్టి నా కన్ను కుట్టు మీదికే పోతుంది. ఆ బెల్టుల్లో బరువు మోసే చోట కుట్టు ఒక వరసతో ఉండదు, ఒకే చోట దగ్గర దగ్గరగా అటూ ఇటూ పదులసార్లు తొక్కి ఉంటుంది, మనం జీన్స్ ప్యాంటు జేబు మూలకు వేసినట్టు, దానికి ఎన్నో రెట్లు గట్టిగా. నేను చూసిన వాటిలో దారం రంగు వేరే, పట్టీ రంగు వేరే. ఎందుకని అడిగితే, కుట్టు అరిగితే వెంటనే కంటికి ఆనాలని అన్నారు. ఇన్నేళ్లుగా నేను గుడ్డ రంగుకు దారం కలపడానికే చచ్చిపోతున్నా, ఇక్కడ కావాలనే కలపకుండా కుట్టారు. ఇక తాడు. అది మన బావి తాడులాంటిది కాదు. లోపల సన్నటి నైలాన్ పేటలు, పైన అల్లిన తొడుగు. పడినప్పుడు కొంచెం సాగుతుంది. ఆ సాగుడే నడుముకు కుదుపు తగలకుండా కాపాడేది. దాన్ని కాలితో తొక్కనివ్వలేదు, మట్టిలో పరచనివ్వలేదు. ఇసుక రేణువు లోపలికి పోతే పేటలను కోసేస్తుందట. క్లిప్పు మీద అంకెలు చెక్కి ఉన్నాయి. నిలువుగా లాగితే కనీసం 20 కిలోన్యూటన్లు ఆపాలన్నది రూలు, అంటే దాదాపు రెండు టన్నులు. మన పిల్లల్లో బాగా తిన్నవాడు 71 కిలోలు.

ఇప్పుడా వీడియో సంగతి. 12 సెకన్లు. డిగ్రీ ఫస్టియర్ పిల్ల బండ మధ్యలో ఉంది, కాలు జారింది, ఒక కేక, పిల్ల పక్కకు ఊగి తాడు మీద వేలాడింది. అంతే. అది చూసి వాళ్లమ్మకు బీపీ పెరిగిందన్నారు. పెరగదా మరి, నాకు కూతురుంటే నాకూ పెరిగేది. కానీ వీడియో అక్కడ ఆగిపోయింది, తర్వాతిది మీరు చూడలేదు. ఆ పిల్ల జారింది రెండడుగులు కూడా లేదు, తాడు సాగినంత. కేక వేసింది ఆమె కాదు, కింద ఉన్న ఆమె సోపతి. ఊగుడు ఆగాక ఆ పిల్ల కాళ్లు బండకు తన్ని, జడ నోట్లోంచి తీసుకుని, మళ్లీ ఎక్కింది. మూడోసారికి పైదాకా చేరింది. ఆ వేళ పైదాకా చేరినవాళ్లు ఐదుగురే, అందులో ముగ్గురు ఆడపిల్లలు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. చేతి బలం మీదే పైకి పోదామనుకున్న మగపిల్లలు సగంలోనే అలిసిపోయారు, కాళ్ల మీద బరువు పెట్టమంటే విన్నవాళ్లు పైకి పోయారు.

అక్కా, అసలు భయం తాడు గురించి కాదని నాకు తెలుసు. సంబంధాలు చూస్తున్న పిల్ల, ఆ వీడియో ఊరంతా తిరిగితే నలుగురూ ఏమంటారు అన్నది భయం. దుకాణంలో బ్లౌజు ఇచ్చేటప్పుడు మీరు ఆ మాట అనీ అనకుండా అన్నారు. ఆ భయం ఉత్తదని నేననను, మన ఊళ్లు నాకు తెలియనివా. కానీ మీ నిర్ణయం ప్రకారం ఆ వీడియోను అడగకుండా తీసి, అడగకుండా పెట్టినవాడు వచ్చే ట్రిప్పుకు పోవచ్చు, వీడియోలో ఉన్న పిల్ల పోకూడదు. ఎవరైనా ఆగాలంటే ఆగాల్సింది వాడు. వాణ్ణి ఈసారికి ఆపేశాను, వాళ్ల నాన్నకు కూడా చెప్పాను. ఇకనుంచి బండ దగ్గర ఫోన్లన్నీ ఒక సంచిలో వేసి కట్టేస్తాం. ఫోటోలు సంఘం కెమెరాతో తీస్తాం, పిల్లలు, పెద్దవాళ్లు చూసి సరేనన్నాకే ఎవరికైనా ఇస్తాం.

పదిన్నర ప్రాంతంలో ఒక వీరుడు చెమట వాసన వస్తోందని సంచిలోంచి బాడీ స్ప్రే తీసి బుస్సుమని కొట్టాడు. పైన గూట్లో తేనెతుట్టె ఉంది, చేటంత. అవి మన పెరట్లో చిన్న తేనెటీగలు కావు, కొండ తేనెటీగలు. ఘాటు వాసనా పొగా వాటికి పడవు. అవి లేవడం మొదలవగానే ఎక్కుడు ఆపేసి, బండ మీది పిల్లను దింపి, తాళ్లను అక్కడే వదిలి అందరినీ నడిపించుకుని వచ్చేశారు. నాకు రెండు కుట్టాయి, ఒకటి చెవికి. తాళ్లను వాళ్లు మళ్లీ చీకటి పడుతున్నప్పుడు పోయి తెచ్చుకున్నారు. పొద్దున మేమంతా దిగుతున్న దారిలోనే గులకరాళ్ల మీద మా మెకానిక్ తమ్ముడి కొడుకు కాలు మడత పడింది. బండ మీద కాదు, దారిలో. గుట్టలు తిరిగేవాళ్లంతా చెప్పేది ఇదే: ఎక్కేటప్పుడు భయంతో జాగ్రత్తగా ఉంటాం, దిగేటప్పుడు అయిపోయిందనుకుంటాం. పరకాలలో ఎక్స్‌రే తీయించాం, ఎముక విరగలేదు. మూడు వారాలు కట్టు.

ఇప్పుడు నా తప్పులు. అవి మీరు అడగకముందే నేనే చెప్పుకుంటా. గుట్ట దగ్గర సిగ్నల్ లేదు, నిజమే. కానీ రేగొండ రోడ్డెక్కగానే సిగ్నల్ వచ్చింది. ఫోన్ చేతిలోనే ఉంది. ఎక్స్‌రే రిపోర్టు వచ్చాక మంచి మాటతో కలిపి చెప్దాంలే అనుకున్నా. ఆ గంటన్నరలో స్టేటస్ వాడంతా తిరిగింది, నా ఫోన్ కన్నా ముందు వీడియో మీకు చేరింది. పిల్ల తాడు మీద వేలాడింది, పిల్లాణ్ణి ఆస్పత్రికి తీసుకపోయారు, ఈ రెండూ కలిసి మీ చెవుల్లో ఏదో ఇంకో కథ అయింది. అది పూర్తిగా నా తప్పు. స్ప్రే సంగతి ముందే చెప్పి సంచులు చూడకపోవడం రెండో తప్పు. తల్లిదండ్రులను ముందే కూర్చోబెట్టి సామాను చూపించకపోవడం మూడోది, అన్నిటికన్నా పెద్దది.

మీటింగులో ఎవరూ పైకి అడగలేక చాటుకు అనుకున్నవి కొన్ని నా చెవిన పడ్డాయి. వాటికీ చెప్తా. బెల్టు వేసుకున్నాక బిగింపు సరిచూసేది ఎవరు? ఆడపిల్లలది ఆ ఆడ ట్రైనరే చూసింది, ముందు ఆమె, తర్వాత పిల్ల తనకు తానే, తర్వాత తాడు పట్టే మనిషి ముడి మాత్రం. ముడి ఎనిమిది అంకెలా ఉంటుంది, దూరం నుంచే కనిపిస్తుంది, ముట్టుకునే పనే లేదు. చున్నీ తీయించారని ఒక నానమ్మ బాధపడ్డది. చున్నీ గానీ, విడిచిన జుట్టు గానీ ఆ బిగింపు పరికరంలోకి పోతే ఇరుక్కుంటుంది, అప్పుడు నిజంగా ప్రమాదం. అందుకే జడ వేసి లోపలికి దోపమన్నారు, గాజులు, ఉంగరాలు తీయించారు. మగపిల్లల చేతి కడియాలు కూడా తీయించారు, దానికి ఒకడు గంట సేపు మూతి ముడుచుకున్నాడు. నెలసరిలో ఉన్న పిల్ల ఎక్కాలా వద్దా అన్నది ఆ పిల్ల ఇష్టం, ఎవరూ అడగరు, ఎవరూ బలవంతం చేయరు. ఎక్కే చోట బాత్రూం లేదు, ఉందని అబద్ధం చెప్పను. నాలుగు పాత చీరలు కలిపి, పైన నాడా ఎక్కించి నేనే ఒక చాటు కుట్టుకుపోయా, చెట్టుకు కడితే గది అయింది. వచ్చేసారికి కింద కూడా బరువు పట్టీ కుడతా. గాలికి లేస్తోందని పిల్లలు చెప్పారు.

నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ పేరు చెప్పి మిమ్మల్ని కరిగిద్దామని నాకు లేదు. స్కూలు ఫంక్షన్లలో ఆ పేరు విని విని మీకూ విసుగొచ్చి ఉంటుంది. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది, అది అందరికీ తెలుసు. నేను చూసేది వేరే. ఆ పిల్లను ఎకాఎకిన మంచు కొండకు తీసుకుపోలేదు. మొదట భువనగిరి బండ, తర్వాత డార్జిలింగ్, తర్వాత లద్దాఖ్ చలి. ఒక్కో మెట్టు దగ్గర ఎవరో ఒకరు చూసి, సరిపోతుంది అన్నాకే తర్వాతి మెట్టు. ఆమె తల్లిదండ్రులు కూలి చేసుకునేవాళ్లు. పంపాలా వద్దా అన్న రాత్రి వాళ్లింట్లోనూ గడిచే ఉంటుంది.

అందుకే మిమ్మల్ని అడిగేది "పంపండి" అని కాదు. ఇంట్లో కూర్చుని వద్దనే బదులు మమ్మల్ని నిలబెట్టి అడగండి. తాడు ఎప్పుడు కొన్నారు, ఎన్నిసార్లు వాడారు, రాసిపెట్టిన పుస్తకం ఏది అని అడగండి. వాడకుండా మూల పెట్టినా సరే, పదేళ్లు దాటిన తాడును పక్కన పెట్టాలని తయారుచేసేవాళ్లే చెప్తారు. నేర్పేవాళ్లు ఎక్కడ నేర్చుకున్నారో కాగితం చూపించమనండి. అక్కడ వాన పడి ఎన్ని రోజులైందని అడగండి. ఇది చాలామంది అడగరు. ఇసుకరాయి తడిస్తే బలం తగ్గుతుంది, మనం పట్టుకున్న పెచ్చు ఊడి చేతిలోకి వస్తుంది. పైన ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది, రెండు మూడు రోజులు ఆగాలి. దగ్గరి ఆస్పత్రి ఏది, బండి ఎవరిది, డ్రైవరు అక్కడే ఉంటాడా పోతాడా అని అడగండి. వీటిలో ఒక్కదానికి నేను నీళ్లు నమిలినా పిల్లలను పంపకండి, ఆడపిల్లనూ మగపిల్లాణ్ణీ కూడా.

ఇంకోమాట. పోయిన ఎండాకాలం మన మగపిల్లలు ఎవరికీ చెప్పకుండా హంటర్ రోడ్డు మీద ముగ్గురేసి బైకుల మీద తిరిగినప్పుడు గుడి ముందు మీటింగు పెట్టలేదు. ఈత రాని పిల్లలు చెరువులో దిగినప్పుడూ పెట్టలేదు. 2023 జులైలో ములుగు జిల్లా ముత్యాలధార జలపాతానికి పోయినవాళ్లు పదుల సంఖ్యలో వాగు పొంగి అడవిలో చిక్కుకుపోతే, ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు పోయి తీసుకొచ్చారు. ఆ వారమే మన వాడ నుంచి ఒక గుంపు అటువైపే బయల్దేరబోయింది, పెట్రోలు డబ్బులు చాలక ఆగిపోయింది. అది కూడా మీకు ఇప్పుడే తెలుస్తున్నట్టుంది. తాడు, హెల్మెట్, అడుగుకో మనిషి ఉన్న చోటు కన్నా అవి లేని చోట్లే పిల్లలు ఎక్కువగా తిరుగుతున్నారు.

వచ్చే నెల రామగిరి ఖిల్లా అనుకుంటున్నాం, పెద్దపల్లి జిల్లా బేగంపేట దగ్గర. ఎక్కుడు లేదు, నడకే. ఫిబ్రవరి దాటితే బండ కాలుతుంది, మళ్లీ నవంబర్ దాకా ఆగాల్సిందే. ఆరుగురు ఆడపిల్లల పేర్లూ లిస్టులో పెన్సిల్‌తో రాసి ఉంచా. పెన్ను మీరే పట్టుకోవాలి. మగపిల్లల పేర్లు కూడా ఈసారి పెన్సిల్‌తోనే రాశా.

ఆదివారం పొద్దున పది గంటలకు సంఘం గదిలో సామానంతా పరిచి పెడతా. ట్రైనర్లు ఇద్దరూ వస్తామన్నారు. గది దూలానికి తాడు కడతాం, ఎవరైనా వేలాడి చూడొచ్చు, గౌడన్నలు తప్పకుండా వచ్చి తప్పులు పట్టాలి. అమ్మలు కూడా బెల్టు వేసుకుని చూడండి. చీర మీద కుదరదు, చుడీదార్‌తో రండి. కొలత గురించి చూడొద్దు. అన్ని వైపులా బకిల్స్ ఉన్నాయి, ఎవరికైనా సరిపోతుంది, ఆల్టరేషన్ అక్కర్లేదు.

ఇట్లు,
మీ టైలర్,
హనుమకొండ